మూత మీద రాయి

ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు ఎక్కేటప్పుడు మస్తానమ్మ ముందు చూసేది సీటు కాదు, డ్రైవరు తల పైన స్పీకరు ఉందా లేదా అని. ఉంటే దిగిపోయి ఇంకో బస్సు కోసం నిలబడుతుంది. ఒకసారి చూసుకోకుండా ఎక్కింది. నేనూ పక్కనే ఉన్నాను, నా కుట్టు మిషనుకు దారాలు, లైనింగు గుడ్డ కొనుక్కుని వస్తున్నాను. కొంత దూరం పోయాక డ్రైవరు పాట పెట్టాడు. ముందు డప్పులాంటి దరువు, తర్వాత ఎవరో తెల్లమ్మాయి గొంతు, ఆ గొంతును పక్కకు నెట్టుకుంటూ మా మస్తానమ్మ గొంతు. వెనక సీట్లో కాలేజీ పిల్లలు తలలూపుతూ అందుకున్నారు. మస్తానమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుని, "ఆపయ్యా, దిగాల" అంది. అక్కడ స్టాపు లేదు, ఊరూ లేదు, ముళ్ళ చిల్లచెట్లు తప్ప. ఆమెను ఒంటరిగా వదల్లేక నేనూ దిగాను. దిగి నాలుగు తిట్టాను కూడా, ఎండ అట్లా ఉంది మరి. ఆమె రోడ్డు పక్కన కూర్చుని, "ఆ పాట యింటే నా ఒంటి మీద గుడ్డ లేనట్టు ఉంటాది మే" అంది.

దేశదేశాల వాళ్ళు చప్పట్లు కొట్టిన గొంతు అది. అంత గొంతున్న మనిషి ముఖం ఎందుకు దాచుకుంటుందో నేను చెప్తాను. మా ఇళ్ళు ఎదురెదురు. నాకు నోరు ఎక్కువని ఊళ్ళో పేరు, అది నిజమే. అయినా ఈ విషయంలో పేపరు వాళ్ళ కన్నా, టీవీ వాళ్ళ కన్నా నాకే కొంచెం ఎక్కువ తెలుసు.

మస్తానమ్మది గొర్రెలు కాసే ఇల్లు. ఆమెకు ముందు పుట్టిన పిల్లలు నిలవకపోతే, వాళ్ళమ్మ దర్గాలోని మస్తాన్ స్వామికి మొక్కుకుని ఈమెను కన్నది. అందుకే ఆ పేరు. కట్టుకున్న మొగుడు మస్తానయ్య, అతనూ ఆ దర్గా దయవల్ల పుట్టినవాడే. పిలిస్తే ఇద్దరూ పలుకుతారని ఊళ్ళో ఎగతాళి చేసేవాళ్ళం. ఉదయగిరి కొండ వాలులో మంద చెదిరిపోతే మస్తానయ్య కర్ర పట్టుకుని పరిగెత్తేవాడు. ఈమె మాత్రం నిలబడ్డచోట నుంచే ఒక కూత వేసేది. అవతలి మలుపులో మేస్తున్న గొర్రె కూడా తల ఎత్తి వచ్చేసేది.

అంత గొంతూ పెట్టుకుని ఆమె ఏ భజనలోనూ, ఏ పెళ్ళిలోనూ పాడలేదు. చావింట్లోనే పాడేది. పాడేది అని నేనంటున్నాను గానీ మా పల్లెలో ఆ మాట అంటే తిడతారు. అది ఏడవడం.

మా దగ్గర ఆడవాళ్ళు శవం దగ్గర ఊరికే ఏడవరు. పక్కన కూర్చుని, పేరు పెట్టి పిలిచి, రాగం తీసి, పోయిన మనిషితో మాట్లాడతారు. అందులో పొగడ్త ఉంటుంది, దెప్పిపొడుపు ఉంటుంది, ఇంట్లోవాళ్ళను నిలదీయడమూ ఉంటుంది. మామూలు రోజుల్లో ఎవరూ అడగలేనిది అక్కడ అడగొచ్చు. కొంచెం ఎక్కువ చేసి అన్నా తప్పు లేదు. మాట పడ్డ మనిషి అలగకూడదు, తనూ రాగంలోనే జవాబు చెప్పుకోవాలి. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడవాలి. శవం లేచి, తలస్నానాలయ్యాక ఆ మాటలు మళ్ళీ ఎవరి నోటా రాకూడదు. ఎంత నోరున్నదాన్నయినా నేను కూడా ఏనాడూ ఆ గీత దాటలేదు. మా ఇళ్ళల్లో కాపురాలు నిలిచాయంటే సగం ఈ పద్ధతి వల్లే.

మస్తానయ్యకు ఆయాసం రోగం. దగ్గు తెర తగ్గినప్పుడల్లా అరుగు మీద కూర్చుని గొప్పలు పోయేవాడు. "నాకేం దిగులు? నేను పోయిన్నాడు మా మస్తాని ఏడస్తాదే, ఆ ఏడుపు మీ రామనారాయణకు గూడా దొరకదు. కోట్లుంటే ఏం లాభం?" అనేవాడు. రామనారాయణ గారు మా వైపు పెద్ద రైతు, పెద్ద మనిషి. మస్తానమ్మ లోపల్నుంచి, "నోరు ముయ్, ఆ మాటలేంది" అని కసిరేది. కసిరినా ఆ గొంతులో ముచ్చట తెలిసిపోయేది.

ఇక ప్రమీలారాణి సంగతి. మస్తానమ్మకు వరసకు తమ్ముడి పెళ్ళాం. ఆ రెండు ఇళ్ళ గొర్రెలూ ఒకే మంద. కోతలయ్యాక ఎరువు కోసం చేజర్ల వైపు పొలాల్లో మంద కట్టడానికి పోతే, ఈ వదినా మరదళ్ళు ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్ళు, ఒకే దుప్పటి కప్పుకునేవాళ్ళు. ప్రమీల అత్త శీనమ్మ పోయినప్పుడు శవం పక్కన మొదటి రాగం మస్తానమ్మదే. ఆమె అన్న మాటలు ఇప్పుడు లోకమంతటికీ తెలుసు గనక ఇక్కడ రాస్తున్నాను, రాయడానికి నాకే సిగ్గుగా ఉంది.

"కుండలో కూడుండె నా తల్లీ శీనమ్మా, కుండ మీద మూతుండె, మూత మీద రాయుండె. ఆకలన్న చేతికి ఆ రాయి లేవలేదా? ఎవురు పెట్టిన రాయమ్మా నా తల్లీ శీనమ్మా?"

వాకిట్లో ఉన్న ఆడవాళ్ళందరం ప్రమీల వైపు చూశాం. చూడాల్సిందే, అదీ పద్ధతిలోదే. శీనమ్మ కూతురి కొడుకు వంశీ బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. అవ్వ మీద ప్రాణం వాడికి. ఫోనులో తీస్తూ తీస్తూ, ఆ రాయి మాట ముగిసేసరికి తనే ఏడుపు ఆపుకోలేక ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. అక్కడితో వీడియో అయిపోయింది.

వీడియో అయిపోయాక ప్రమీల జవాబు చెప్పింది. ఆ మాటలు నేను రాయను. కానీ ఊరంతా ఎరిగిన సంగతి ఒకటి చెప్పాలి, చెప్పకపోతే ఆ మనిషికి ఇంకో అన్యాయం చేసినదాన్నవుతాను. శీనమ్మకు షుగరు. కాలి వేలు కూడా తీసేశారు. అన్నం మీద ఆశ చావక, అందరూ గొర్రెల వెంట పోయినప్పుడు కుండలో చెయ్యి పెట్టేది. ఆ రాయి అందుకు పెట్టింది. ముసలామె కాలికి పొద్దునా సాయంత్రం కట్టు మార్చింది కూడా ప్రమీలే. ఆమె రాగం తీసి చెప్పుకుంటుంటే మస్తానమ్మ లేచి వెళ్ళి మెడ పట్టుకుంది. ఇద్దరూ కుదేలయ్యేటట్టు ఏడ్చారు. తలస్నానాలయ్యాక ఒకే పళ్ళెంలో తిన్నారు.

వంశీ తన దగ్గరున్న ఆ ముక్కను "మా అవ్వ జ్ఞాపకం" అని నెట్‌లో పెట్టాడు. చెడ్డ బుద్ధితో కాదు.

కెనడాలో ఫ్రెంచి మాట్లాడే చోటు ఒకటి ఉందట. అక్కడ ఒక నది ఒడ్డు ఊళ్ళో జోసియాన్ అనే అమ్మాయి పెళ్ళిళ్ళలో, హోటళ్ళలో ఫ్రెంచి పాటలు పాడుకుంటూ బతికేది. వాళ్ళ నాయన కర్రల మిల్లులో కూలి. ఊరి బయట ఆ పిల్ల పేరు ఎవరికీ తెలియదు. వాళ్ళ అవ్వ చనిపోయిన రోజుల్లో వంశీ పెట్టిన వీడియో ఎట్లాగో ఆమె కంటపడింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా విని విని ఏడ్చిందట. తన పాట మధ్యలో ఆ గొంతు పెట్టుకోవాలని ఆశపడింది. ఊరికే తీసుకోలేదు, అది ఆ పిల్ల మంచితనం. అడగడానికి హైదరాబాదు నుంచి ఒక ఆడమనిషిని మా పల్లెకు పంపింది.

ఆ వచ్చినామెను మస్తానమ్మ అడిగింది ఒక్కటే. "ఆడ తెలుగొచ్చినోళ్ళు ఉండారా?"

"లేరమ్మా, వాళ్ళంతా ఫ్రెంచి మనుషులు. మాటలు తెలియవు, మీ గొంతు నచ్చింది అంతే."

"అట్టయితే పెట్టుకోమను. గొర్రెను పిలిచినట్టే గదా, అర్థం కానోళ్ళకి."

మస్తానమ్మ లెక్క అది. అర్థం చేసుకునేవాళ్ళు లేనిచోట ఆ మాటలు మాటలే కావు, పద్ధతి తప్పినట్టు కాదు. మరి ప్రమీలను ఒక మాట అడగొద్దా అని మీరంటారు. నేనూ అన్నాను, చాలా ఆలస్యంగా. "ఎట్టడిగేది మే? అడగాలంటే ఆ మాట మళ్ళీ ఎత్తాల గదా. ఎత్తగూడదని గదా నోరు మూసుకునింది" అంది. మా ఊరి మనిషి తప్ప ఇంకెవరూ చేయని తప్పు ఇది. పద్ధతి తప్పకూడదని చూసి, పద్ధతినే నడిబజారులో పెట్టింది.

ఆ పాట ఆ పిల్లను ఎక్కడికో తీసుకుపోయింది. ముందు వాళ్ళ నగరం మోంట్రియల్‌లో మోగింది, ఆ తర్వాత పారిస్‌లో, లండన్‌లో. ఎక్కడో కొరియా పిల్లలు వరసగా నిలబడి దానికి డాన్సు చేశారు. వాళ్ళు తెలిసీ తెలియక "శీనమ్మా" అని పెదాలు కదుపుతుంటే మేం ఫోనుల్లో చూసి పొట్టలు పట్టుకుని నవ్వాం. ప్రమీల కూడా నవ్వింది. వాళ్ళకేం తెలుసులే అనుకుంది పాపం. హోటల్లో పాడుకునే పిల్ల స్టేడియాల్లో పాడే మనిషయింది. వాళ్ళు పంపిన డబ్బుతో మస్తానమ్మ గొర్రెల దొడ్డికి రేకులు వేయించింది. అందులో సగం ప్రమీల గొర్రెలే పడుకునేవి.

ఆ జోసియాన్ ఇంకో మంచి పని కూడా చేసింది. మంచి పనే, కాదనను. ఎవరో ఏడ్చిన ఏడుపుకు అర్థం తెలియకుండా పాడటం మర్యాద కాదని, ఎవరిచేతనో అర్థం రాయించి, వీడియో కింద అన్ని భాషల్లో వేయించింది.

ఉదయగిరిలో రామనారాయణ గారు సన్మానం పెట్టారు. కల్యాణమండపం నిండిపోయింది. మస్తానమ్మకు జాకెట్టు నేనే కుట్టాను, ప్రమీలకూ నేనే కుట్టాను. ఇద్దరూ ఒకే ఆటోలో వచ్చారు. పెద్ద తెర మీద పాట వేశారు, కింద తెలుగులో మాటలు పడుతున్నాయి. మైకు పట్టుకున్న కుర్రవాడికి ఉత్సాహం ఎక్కువై, "కోడలు అన్నం కుండ మీద రాయి పెట్టి అత్తను ఆకలికి మాడ్చిన కన్నీటి కథ ఇది" అన్నాడు. హాలంతా అయ్యో అంది. ఛానలు వాడు ఒకడు ఫోను పట్టుకుని ఆడవాళ్ళ వరసలోకి వచ్చి, "శీనమ్మ గారి కోడలు మీరేనా అమ్మా?" అని ప్రమీల ముఖం మీద పెట్టాడు.

ప్రమీల లేచింది. కుర్చీల మధ్య నుంచి, అందరి మోకాళ్ళూ తగులుతూ, తల దించుకుని బయటికి నడిచింది. ఆ దారి ఎంత పొడుగ్గా ఉండిందో ఆమె పక్కనే కూర్చున్న నాకు తెలుసు. లేచి ఆమె వెంట పోవలసింది, పోలేదు.

వేదిక మీద మస్తానమ్మ భుజాన శాలువా ఉంది. నాలుగు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు. నోరు తెరిచింది. ప్రమీల జవాబు చెప్పిందని అనాలి. అంటే ఏం జవాబు అని అడుగుతారు. చావు వాకిట్లో ప్రమీల చెప్పుకున్న ఏడుపును ఇన్ని వందల మంది ముందు మళ్ళీ తను విప్పాలి. ఆమె కళ్ళు తలుపు వైపే ఉన్నాయి. "నాకు మాట్లాడేది రాదు నాయనా" అని మైకు ఇచ్చేసింది. ఎంత వినయమో అని జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు తల కొట్టేసినట్టయిందని తర్వాత చెప్పింది.

అప్పటినుంచి ఆ పాట మాకు పాట కాదు. ప్రమీల కూతురు భవ్యశ్రీని కాలేజీలో "రాయి" అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిల్ల కాలేజీ బస్సు మానేసి షేరు ఆటోల్లో పోతోంది. ప్రమీల మంద విడదీసింది. తగువు పెట్టుకోలేదు, ఒక మాట అనలేదు, తన గొర్రెలను ఏరుకుని తన పెరట్లో కంచె వేసుకుంది. గొర్రెలకు ఇవేం తెలుసు? మస్తానమ్మ తన మందను పిలిస్తే అవతలి పెరట్లోవి కూడా కంచె మీద పడి అరిచేవి. అందుకని మస్తానమ్మ కూత వేయడం మానేసింది. కర్ర పట్టుకుని, ఆ వయసులో, వాటి వెనక పరిగెత్తేది.

మస్తానయ్య పోరు పెడితే ఒకనాడు ప్రమీల ఇంటికి వెళ్ళింది. ప్రమీల చెంబుతో నీళ్ళిచ్చింది. "కూర్చోండి. ఏమన్నా పనుండిందా మీకు?" అంది. కలిసి ఒకే దుప్పటి కప్పుకున్న మనిషిని మీరు అంది. మస్తానమ్మ ఆ నీళ్ళు తాగలేక, కింద పెట్టలేక, చెంబు పట్టుకునే ఇంటికి వచ్చేసింది. అది ఇప్పటికీ వాళ్ళ గూట్లోనే ఉంది. తిరిగి ఇవ్వడానికి కూడా మొహం చెల్లలేదు.

చివరికి వంశీ చేత జోసియాన్‌కు వీడియో కాల్ చేయించింది. జరిగింది వంశీ చెప్తుంటే ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పాట తీసేయడం ఇప్పుడు తన చేతుల్లో కూడా లేదంది. కావాలంటే ప్రమీల జవాబును కూడా పాడిద్దాం, దాన్నీ పాట చేసి లోకమంతా వినిపిద్దాం అంది. బెంగళూరుకు కచేరీకి వస్తున్నాను, ఇద్దరూ వేదిక మీదికి రండి అంది. ఆ మాట ప్రమీలకు చేర్చే పని నా మెడకు చుట్టుకుంది.

ప్రమీల చింతపండు పిక్కలు తీస్తూ విన్నది. చెయ్యి ఆపలేదు. "నా ఏడుపు మా అత్తకి చెప్పుకున్నా అక్కా. ఆమె యిన్నాది. ఇంకొకరికి చెప్పేది ఏముండాది? నేను గూడా తెర మీద ఏడిస్తే మా అత్త మళ్ళీ సచ్చినట్టే" అంది. ఊరికే ఉండలేక నేను, "మస్తానమ్మ కుమిలిపోతుండాది" అన్నాను. "కుమలనీ. నేను బాగుండానా?" అంది. 

బెంగళూరు కచేరీకి మస్తానమ్మ పోలేదు. ఆమె లేకుండానే జరిగింది, బ్రహ్మాండంగా జరిగిందట. మా పల్లెలో మాత్రం ఇంకోటి జరిగింది. చావుల్లో రాగాలు ఆగిపోయాయి. ఎవరి చేతిలో ఏ ఫోను ఉందో అని భయం. ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకుని గుక్కలు పెడుతున్నారు, మాట రానివ్వడం లేదు. అడగాల్సినవి అడక్కుండానే శవాలు లేచిపోతున్నాయి. దానికి కారణం తనేనని మస్తానమ్మ ఏ చావుకూ పోవడం మానేసింది.

మస్తానయ్య మాఘమాసంలో పోయాడు. పొద్దున్నే దగ్గు తెర వచ్చి, టీ గ్లాసు చేతిలో ఉండగానే ఒరిగిపోయాడు. పొద్దెక్కేసరికి వాకిలి నిండింది. మామూలు జనం కాదు. పాట పాడిన మస్తానమ్మ మొగుడు పోయాడంటే ఉదయగిరి నుంచి, ఆత్మకూరు నుంచి ఫోనులు పట్టుకున్న వాళ్ళు బండ్లు వేసుకుని వచ్చారు. శవం చుట్టూ మా కన్నా వాళ్ళే దగ్గరగా ఉన్నారు. ఆమె ఏడుస్తుందని చూస్తున్నారు.

మస్తానమ్మ నోరు తెరవలేదు. మొగుడి పాదాల దగ్గర గోడకు చేరగిలి కూర్చుంది, పెదాలు బిగించి.  తన పెళ్ళాం ఏడుపు రామనారాయణకు కూడా దొరకదని గొప్పలు పోయిన మనిషి ఎదురుగా పడుకుని ఉన్నాడు. అంత గొంతూ పెట్టుకుని అతనికి ఒక్క మాట లేదు.  మా ఊరు ఎంత సిగ్గుమాలిన ఊరయిందో ఆ వాకిట్లో కనిపించింది. ఆ ఫోనులు పట్టుకున్న వాళ్ళల్లో మా పిల్లలు కూడా ఉన్నారు.

అప్పుడు ప్రమీల వచ్చింది. చంకలో అల్యూమినియం కుండ, చేతిలో మూత. జనం దారి ఇచ్చారు, ఇస్తూనే ఫోనులు ఆమె వైపు తిప్పారు. ఆమె తల దించుకోలేదు. మొదట నిలబడ్డవాడి ముందు కుండ పెట్టి, "ఇందులో ఎయ్యి" అంది.

"ఏందమ్మా?" అన్నాడు వాడు.

"ఫోను. శవం లేచినాక తీసుకుందువు."

వాడు నవ్వబోయి ఆమె ముఖం చూసి మానుకున్నాడు. వేశాడు. పక్కవాడూ వేశాడు. వంశీ తనంతట తనే ముందుకు వచ్చి వేశాడు. ఛానలు వాడు నీళ్ళు నములుతుంటే నేను లేచాను, నా నోరు ఆ రోజు పనికొచ్చింది. ప్రమీల వాకిలంతా తిరిగింది. కుండ బరువెక్కాక దాన్ని తీసుకొచ్చి శవానికి, మస్తానమ్మకు మధ్యలో పెట్టింది. మూత పెట్టింది. పెరట్లోకి పోయి ఒక రాయి తెచ్చి, అందరూ చూస్తుండగా మూత మీద పెట్టింది.

మస్తానమ్మ ఆ రాయి వైపు చూసింది. ప్రమీల ఆమె పక్కన కూర్చుని, మెడ చుట్టూ చెయ్యి వేసి, "ఏడు వదినా. అన్న యింటుండాడు" అంది.

అప్పుడు లేచింది ఆ గొంతు. మొగుణ్ణి పిలిచింది, ప్రమీలను పిలిచింది. ప్రమీల తిరిగి అడిగింది, గట్టిగానే అడిగింది. మస్తానమ్మ జవాబు చెప్పుకుంది. అవతలి పెరట్లో గొర్రెలు కంచె మీద పడి అరిచాయి, ఎవరూ అదిలించలేదు. ఏమేమి అనుకున్నారో పక్కనే కూర్చుని అంతా విన్నాను. శవం లేచింది, మేం తలస్నానాలు చేశాం.